పోగు కొరికిన పన్ను

మంగళవారం, బండారులంక

నా పంటి క్యాప్ పదిలంగానే ఉంది. ఇప్పటికి మనసు కుదుటపడింది.

పొద్దున మగ్గం మీద పోగు తెగితే ముడి వేసి, మిగిలిన కొసను అలవాటుకొద్దీ పంటితో కొరికేశాను. రూట్ కెనాల్ చేయించుకున్న ముందు పన్నుతోనే! టక్కుమంది. విరిగిందనుకుని కేకేశాను. అత్తయ్యగారు పని ఆపేసి నన్ను అమలాపురం తీసుకెళ్లారు.

డాక్టరమ్మ చూసి నవ్వేసింది. "క్యాప్ కదల్లేదండీ, టక్కుమన్నది పోగే. కానీ నరం తీసిన పన్ను పెళుసండీ. విరిగితే నిలబెట్టడం కష్టం."

"ఆయ్, ఇంక కొరకనండీ."

ఇంటికి రాగానే అత్తయ్యగారు కత్తెరను మగ్గానికి కట్టారు. "మళ్లీ పోగుని కొరికేవంటే ఊరుకోనమ్మాయ్!"

సాయంత్రం ఇంకో పోగు తెగింది. కత్తెర పక్కనే ఉన్నా నా తల ముందుకు వంగిపోయింది. అత్తయ్యగారు దగ్గారు, ఆగిపోయాను.

రేపు ఆవిడ ఆత్రేయపురం పెళ్లికి వెళ్తున్నారు. మగ్గం దగ్గర నేనొక్కదాన్నే…