అన్నం అన్నందుకు దెబ్బ

అమ్మాయీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు రాయడం రాదు కదా, నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది.

నువ్వు ముచ్చటపడి ఏలూరులో చేర్పించిన ఇంగ్లీషు బడి నీ కూతురి చేత నిన్న మాన్పించేశాను. మొన్న కంచంలో చేపల పులుసు పోసి, "రామ్మా, అన్నం తిను" అన్నాను. వచ్చి చెక్క స్కేలు అంచుతో నా వేళ్ళ మీద కొట్టింది. "రైస్ అనాలి" అంది. రక్తం కారింది.

బడికెళ్ళి అడిగితే ప్రిన్సిపాల్ మేడం నవ్వింది. "యూకేజీలో మా పద్ధతే అదండీ మామ్మగారూ. తెలుగు మాట్లాడిన పిల్లల్ని లీడర్ కొడుతుంది. ఈ వారం లీడర్ మీ మనవరాలే. బాగా గట్టిగా కొడుతుందండీ, వచ్చే వారమూ తననే ఉంచుతాం."

బల్ల మీది స్కేలు తీసుకుని ఆవిడ వేళ్ళ మీద బలంకొద్దీ ఒక్కటిచ్చాను. "మీరూ తెలుగే మాట్లాడారు కదండీ" అన్నాను. ఆయాలిద్దరు నన్ను గేటు దాకా ఈడ్చుకొచ్చారు.

నీ మాట తీసేశానని కోప్పడకు. మన ఊరికి తెచ్చేసుకుంటుంటే మండవల్లి బస్సులో పిల్ల దారంతా ఏడ్చింది. బడి మీద బెంగతో కాదే. సోమవారం స్కేలు ఇంకో పిల్లకిచ్చేస్తారని.