చలికి మొండికేసే రబ్బరు

బావా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నీకు రాకెట్లంటే పిచ్చి కదా, అందుకే ఈ కబురు రాస్తున్నాను. పోయిన నెల అమెరికావాళ్ల రాకెట్ ఏడుగురితో ఆకాశంలోనే పేలిపోయింది. చలికి రబ్బరు రింగు గట్టిపడిందట, ఇంజనీర్లు వద్దన్నా ఎగరేశారట. ఆ రాత్రి వాళ్ల అధ్యక్షుడు దేశానికి ప్రసంగం చేయాలి గనక తొందరపెట్టారని ఈ అరబ్బు దేశంలో మనోళ్లుండే ఖైతాన్ పేట టీకొట్లో చెప్పుకుంటున్నారు. అక్కడి పైవాళ్లు కాదంటున్నారు. నాకు మాత్రం రింగు మాట వినగానే నువ్వే గుర్తొచ్చావు.

గ్యాస్ పైపులకి తొడిగే రింగుల్ని చలికాలం పొద్దున్నే నువ్వు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవాడివి. “సలికి ఇది మొండికేత్తాదిరా” అనేవాడివి. ప్రారంభోత్సవానికి ఎవరో పెద్దాయన వస్తున్నాడని, నువ్వు పోయిన రోజు నిన్ను ఆగనివ్వలేదు. గ్యాస్ చిమ్మి మంట లేచింది.

రేపు మన సైటుకి మళ్లీ ఒక పెద్దాయన వస్తున్నాడు. “రింగులు వెచ్చబెట్టాలండీ, కాస్త టైమివ్వండి” అని ఫోర్‌మన్‌ని అడిగాను. “యల్లా, తొందరగా కానీ, పొద్దున ఏడుకల్లా ఖలాస్ అవ్వాలి. లేదంటే నీ వీసా యజమాని కఫీల్‌కి చెప్పి నీ ఇఖామా కాగితం తీయించేసి ఇంటికి పంపిస్తాను” అన్నాడు.

పన్నెండు రింగులు తొడగాలి బావా. ఇప్పుడే పెట్టి చూశాను, రెండు చంకల్లో కలిపి నాలుగే పడుతున్నాయి.