ఎవరి కోసం ఆ మాత్ర

ఉంటర్‌ఫ్యోరింగ్,
నవంబర్ 17.

శరత్ స్వామికి,

మాలలో ఉన్నవాళ్ళకి ముందు నమస్కారం పెట్టాలి కాబట్టి నమస్కారం. నా ప్రేమ సంగతి నీకు ఎలాగూ తెలుసు. కోపం మాత్రం ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను.

దీక్షలో ఉండగా గొడవపడటం ఇష్టం లేదు, ఫోన్ చెయ్యొద్దు, చెప్పేదేమైనా ఉంటే రాయి అన్నావు. సరే, రాస్తున్నాను. జర్మనీకి వచ్చాక నేను కాగితం మీద రాసి పోస్టు చేసిన ఉత్తరాలన్నీ ఇంటర్నెట్ కంపెనీకీ, జిమ్‌కీ, కాంట్రాక్టు రద్దు చేయమని రాసినవే. దేన్నీ రద్దు చేయమనకుండా రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే.

ఆదివారం జరిగినది నాకెలా కనిపించిందో చెబుతాను. ఇక్కడి నుంచి మ్యూనిక్ వెళ్ళి రైలెక్కి, మాన్‌హైమ్‌లో మారాల్సిన రైలు కళ్ళముందే వెళ్ళిపోతే చలిలో నిలబడి, మొత్తానికి జార్‌బ్రూకెన్ చేరాను. నువ్వు నల్లబట్టల్లో, గంధం బొట్టుతో తలుపు తీశావు. చన్నీళ్ళ స్నానానికి నీ గొంతు బొంగురుపోయింది. నేను దేవుణ్ణి నమ్మను గానీ నీ నియమాన్ని గౌరవిస్తాను కాబట్టి దూరంగానే కూర్చున్నాను. ఉల్లిపాయ లేని ఉప్మా పెట్టావు, తిన్నాను. తిన్నాక రోజూలాగే బ్యాగులోంచి నా ప్రెప్ మాత్ర తీసి నీళ్ళతో వేసుకున్నాను. నువ్వు గిన్నె కడగడం ఆపి అటే చూస్తూ అడిగావు.

"ఇప్పుడు మనిద్దరి మధ్యా ఏమీ లేదు కదా స్వామీ. మరి అది ఎవరి కోసం వేసుకుంటున్నారు?"

మాలలో ఉన్నవాళ్ళు అందరినీ స్వామీ అంటారు, అందరినీ మీరు అంటారు, తెలుసు. అయినా రెండేళ్ళుగా నన్ను నువ్వు అని పిలిచిన నోటితో ఆ ఒక్క ప్రశ్నకే మీరు అన్నావు. నాకు మాత్ర కంటే అదే గొంతులో అడ్డం పడింది. నా కోసమే అన్నాను. నువ్వు నమ్మలేదు. ఫిబ్రవరిలో ఇక్కడ మనం తీసుకోబోయే ఇల్లు గుర్తుచేస్తే, దాని సంగతి దీక్ష అయ్యాక చూద్దాం అన్నావు. ఇంటి ఓనరమ్మకి క్రిస్మస్ లోపల ఇద్దరి సంతకాలూ కావాలి. నీకు కొత్త ఉద్యోగం మ్యూనిక్‌లో వచ్చిందని తెలిసిన రోజు మనిద్దరం చూసి మురిసిపోయిన ఇల్లది.

సూటిగా చెబుతున్నాను, నేను ఎవరి దగ్గరకీ వెళ్ళలేదు. వెళ్ళాలని ఉంటే నీతో చెప్పే వెళ్ళేవాణ్ణి, నా సంగతి నీకు తెలుసు. మధ్యలో ఆపొచ్చా అని మా డాక్టరమ్మని అడిగాను కూడా. ఆపొచ్చు, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఎలాగో చెబుతాను అంది. నేనే ఆపలేదు.

ఎందుకో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నువ్వు పరిచయం కాకముందు, ఈ ఊళ్ళో మొదటి ఏడాది, నాకు మనుషులు దొరికేవారు గానీ మనశ్శాంతి దొరికేది కాదు. ఎవరినైనా కలిసి వచ్చిన మర్నాటి నుంచీ భయం. కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, అయిపోయింది అనుకునేవాణ్ణి. పరీక్ష చేయించుకోవడానికి భయం, చేయించుకోకపోతే ఇంకా భయం. జనగామలో మా నాన్నకి ఫోన్ చేసి బిర్యానీ తిన్నానని చెబుతూ, లోపల చావు గురించి ఆలోచించేవాణ్ణి. చివరికి ఒక క్లినిక్‌లో డాక్టర్ని కలవడానికి టెర్మిన్ తీసుకుని వెళ్ళాను. ఆ డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తూ, మగవాళ్ళతోనా, ఎలా, ఏ జాగ్రత్తతో అని, జలుబు గురించి అడిగినట్టు అడిగింది. నా జీవితంలో నన్ను ఆ ప్రశ్నలు సిగ్గుపరచకుండా అడిగిన మొదటి మనిషి ఆవిడే. హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ అనే మందు ఉందని, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తామని, ఇన్సూరెన్సే భరిస్తుందని చెప్పింది. ఆ మాత్ర మొదలుపెట్టాక భయం లేకుండా ఒక మనిషి చెయ్యి పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ తర్వాత నువ్వు తటస్థపడ్డావు. నీకు దొరికిన విశ్వతేజ ఆ భయం వదిలినవాడు.

వేసవిలో నువ్వూ మొదలుపెట్టు అంటే నవ్వి, అది తిరిగేవాళ్ళ మందు, మనం వేసుకుంటే ఒకరినొకరం నమ్మట్లేదని ఒప్పుకున్నట్టే అన్నావు. నేను అప్పుడు వాదించలేదు, ఇప్పుడు వాదిస్తాను. నిన్ను నమ్ముతాను కాబట్టే నీ ఎదుట వేసుకున్నాను. అనుమానం ఉన్నవాడు బాత్రూములో తలుపేసుకుని మింగుతాడు.

ఇంకొకటి. హానోవర్ వర్క్‌షాప్ నుంచి దీపావళికి నా దగ్గరకు వచ్చావు, పండగ అయిన వారంలోపలే మాల వేసుకున్నావు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వేసుకోనివాడివి ఇప్పుడెందుకని నేను ఒక్కమాట అడగలేదు. నీ నియమం నీది అనుకున్నాను. నా నియమం కూడా నాదనుకో, అంతే.

జవాబు రాయి. సంతకానికి రా.

నీ,
విశ్వతేజ


జార్‌బ్రూకెన్,
నవంబర్ 24.

విశ్వా,

నిన్ను ఈ ఉత్తరంలో స్వామీ అనలేను. ఆ పిలుపు అడ్డం పెట్టుకుని మాట్లాడటం ఇక చేతకావట్లేదు.

నీ ఉత్తరం చదివి మడతపెట్టి దేవుడి పటం దగ్గర పెట్టాను, అక్కడి నుంచి తీసి మళ్ళీ చదివాను. హానోవర్ గురించి నువ్వు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. నువ్వు అడగకపోవడమే నాకు శిక్షలా ఉంది.

హానోవర్‌లో చివరి వారం ఒకతను పరిచయమయ్యాడు. మరో యూనివర్సిటీ అతను. వర్క్‌షాప్ అయిపోయిన సాయంత్రం అందరం బయటికి వెళ్ళాం, నేను తాగాను, తర్వాత అతని గదికి వెళ్ళాను. ఏ జాగ్రత్తా తీసుకోలేదు. నా దగ్గర ఏమీ లేదు. ఉండటానికి నేను అలాంటివాణ్ణి కాదు కదా. నీకు అర్థమవుతోందా? అలాంటివాణ్ణి కాదనుకోబట్టే నా దగ్గర ఏమీ లేదు.

అక్కడి నుంచి తిన్నగా నీ దగ్గరకు వచ్చాను. నువ్వు బాల్కనీలో దీపాలు పెట్టి ఉంచావు. చెబుదామనుకున్నాను. నువ్వు దగ్గరికి తీసుకుంటే కాదనలేకపోయాను. మర్నాడు జార్‌బ్రూకెన్ రైల్లో కూర్చున్నాక భయం మొదలైంది. నాకేదైనా సోకి ఉంటే, నీకు కూడా అంటించానేమో అని.

ఇంటికొచ్చి చదివాను. ఆరు వారాలు దాటాక పరీక్ష చేయించుకుంటే ఫలితం ఖాయంగా తెలుస్తుందట. అన్నాళ్ళు నిన్ను ముట్టుకోకుండా ఉండాలి, నీకు అనుమానం రాకూడదు. అప్పుడే ఇక్కడి మా భాస్కరరావు గురుస్వామి ఇంట్లో మాలలు వేస్తున్నారని ఫోన్ వచ్చింది. నలభై ఒక్క రోజుల బ్రహ్మచర్యం, ఎవరూ ఎందుకని అడగరు. ఇంతకంటే మంచి చాటు నాకు దొరకదనిపించింది. దొంగతనంగా దేవుడి వెనక దాక్కున్నాను విశ్వా. మా అమ్మ తణుకులో ఊరందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. నువ్వేమో మడికి భంగం కలగకూడదని గోడ వారగా కూర్చున్నావు. నా గొంతు బొంగురుపోయిందని రాశావు. చన్నీళ్ళ వల్ల కాదు.

ఎవరి కోసం అని నిన్నెందుకు అడిగానో కూడా చెప్పాలి. నీ దగ్గరా ఒక తప్పు దొరికితే నాది తేలికవుతుందని ఆశపడ్డాను. మీరు అనడం అందుకే. నువ్వు అని అడిగే ముఖం లేదు.

డిసెంబర్ 5, శుక్రవారం ఉదయం పదింటికి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో పరీక్షకి టెర్మిన్ దొరికింది. పేరు చెప్పక్కర్లేదు, ఒక నంబరిస్తారు. ఇంటి కాగితాల్లోంచి నా పేరు తీసేయి. ఫలితం ఏదైనా, నీ పక్కన సంతకం పెట్టే అర్హత నాకు లేదు. నువ్వు కూడా పరీక్ష చేయించుకో, దయచేసి.

శరత్


ఉంటర్‌ఫ్యోరింగ్,
డిసెంబర్ 4.

ఒరేయ్ శరత్,

పది రోజులు జవాబు రాయలేదు. రాసినవన్నీ చించేశాను, ఎందుకంటే అన్నింటిలోనూ బూతులే ఉన్నాయి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళి ఏడ్చాను, అది కూడా తెలుసుకో. నువ్వు వేరే మనిషి దగ్గరకు వెళ్ళావన్నది నన్ను కోసేసింది. ఇది ఒక ఉత్తరంతో మానేది కాదు.

అయితే నాకు అంతకంటే ఎక్కువ కోపం ఇంకో దాని మీద వచ్చింది. అలాంటిది జరిగిన మూడు రోజుల్లోపు ఏదైనా పెద్దాసుపత్రికి వెళ్ళి చెబితే, సోకకుండా ఆపే మందు మొదలుపెడతారు, నెల్లాళ్ళు వాడతారు. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. నాకు ఫోన్ చేసి ఏడ్చి ఉంటే, తిడుతూనే వచ్చి నిన్ను తీసుకెళ్ళేవాణ్ణి. దీపావళి నాడు నా పక్కన కూర్చుని కూడా చెప్పలేదు. నేను ఒకప్పుడు ఒంటరిగా పడ్డ భయమే నువ్వు పడ్డావు, అదీ ఒక్క ఫోన్ చేస్తే పలికేవాణ్ణి నేనుండగా. దీన్ని మాత్రం నేను మన్నించడానికి టైం పడుతుంది.

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. అంతా చెప్పాను. రోజూ తప్పకుండా వేసుకుంటున్నారు కదా, మీ గురించి మీరు భయపడక్కర్లేదు అంది. మామూలుగా చేసే పరీక్ష వచ్చే నెల ఉంది, దాన్ని ముందుకు జరిపి ఇప్పుడే చేసింది. నిన్న ఫలితం వచ్చింది. నాకేమీ లేదు. ఆ మాత్ర ఎవరి కోసం అని అడిగావు. దీపావళి నాడు నువ్వు చెప్పకుండా దాచుకున్నదాని కోసమని అప్పుడు నాకూ తెలియదు. ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది. నాకు అంటించానన్న బాధ మాత్రం నీ నెత్తి మీద నుంచి దించెయ్.

మాల గురించి నేను తీర్పు చెప్పను, అది నీకూ నీ దేవుడికీ మధ్య సంగతి. కానీ ఒంటిపూట తిన్నావు, నేల మీద పడుకున్నావు, ఈ చలిలో చన్నీళ్ళు పోసుకున్నావు. దాన్ని దొంగతనం అని నేననలేను. మొదలుపెట్టిన కారణం ఏదైనా, పూర్తి చేసి తియ్యి.

ఇంటి కాగితాల్లోంచి నీ పేరు తియ్యలేదు. నేను సంతకం పెట్టేశాను, నీ పేరు పక్కన జాగా ఖాళీగా ఉంది. దానర్థం అంతా సరిపోయిందని కాదు. హానోవర్ గురించి నువ్వు నాకు ఎదురుగా కూర్చుని, నువ్వు అని పిలుస్తూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. నేను అరుస్తాను. కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడను కూడా. కోపాలు పెట్టుకున్నవాళ్ళు ఒకే ఇంట్లో ఉండటం మన అమ్మానాన్నల దగ్గర చూస్తూనే పెరిగాం కదా. వెళ్ళిపోవాలని నాకు అనిపించలేదు. అనిపిస్తుందేమోనని పది రోజులు చూశాను.

ఇక రేపటి సంగతి. నెగెటివ్ వస్తే, తిరిగేవాళ్ళ మందు అని నువ్వన్నావే, అదే మొదలుపెట్టాలి, డాక్టరమ్మ దగ్గర నీకు కూడా టెర్మిన్ అడిగి ఉంచాను. పాజిటివ్ వస్తే ఏమీ మునిగిపోదు. వైద్యం మొదలుపెడతావు, రోజుకో మాత్ర, నాలుగు రోజులు ఏడ్చి తర్వాత ఆఫీసుకు వెళ్తావు, నాకంటే ఎక్కువే బతుకుతావు. వైరస్ కనపడనంతగా తగ్గాక నీ నుంచి ఎవరికీ సోకదు కూడా. ఎలా చూసినా ఆ ఇంట్లో పొద్దున్నే టిఫిన్ దగ్గర చెరో మాత్ర తప్పదు, కాబట్టి గ్లాసులు రెండు కొను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, ఆలస్యమవుతుంది. సాయంత్రం రైలుకి వస్తున్నాను, జార్‌బ్రూకెన్ స్టేషన్ దగ్గర హోటల్లో గది తీసుకున్నాను. దీక్షలో ఉన్నవాడి గదిలో కోపంతో పడుకోవడం నాకు ఇష్టం లేదు. రేపు తొమ్మిదింటికి దీన్ని నీ తలుపు కింద నుంచి తోసి, మెట్ల దగ్గర నిలబడి ఉంటాను.

చదవడం అయిపోయింది కదా, తలుపు తియ్యి. పదింటికి మనం అక్కడుండాలి.

నీ,
విశ్వతేజ