పంటెక్కి తిరిగొచ్చే వీరుడు

అన్నయ్యా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ అమలాపురం వెళ్ళేను. మనతో ఆడిన సత్తిబాబు అక్కడ నెట్ సెంటర్ పెట్టేడు. మన కథలాట ఇప్పుడు కంప్యూటరే నేర్పుతోందని కబురు పెట్టేడు.

ఒకళ్ళు కథ చెబుతుంటే మిగతావాళ్ళం వీరులమైపోయే ఆ ఆట మాకు నువ్వే నేర్పేవు. హైదరాబాద్ పాత పుస్తకాల కొట్లో కొన్న లావుపాటి ఇంగ్లీషు రూల్సు పుస్తకం నువ్వొక్కడివే చదివేవు. పాచికలు లేకపోతే చింతపిక్కలు అరగదీసి వేయించేవు. ఇప్పుడు ఆ పుస్తకంతో పనే లేదు. ఎప్పుడేం చెయ్యాలో తెర మీదే వస్తోంది, పాచికలూ అదే వేసేస్తోంది.

నేనూ ఆడ్డానికి కూర్చున్నాను. కాసేపటికే నా వీరుడు చచ్చిపోయేడు. కొత్తవాణ్ణి తయారుచేసుకోమంది.

"కొత్తవాడెందుకు? ఒక ఆట ఊరికే కూర్చుంటే అవతలి రేవులో, గోదారి దాటించే పంటెక్కి తిరిగొచ్చేస్తాడు కదా" అన్నాను.

సత్తిబాబు తలొంచుకున్నాడు. "అలాంటి రూలు లేదండి అక్కా. ఇది చూసేకే నాకూ తెలిసింది. అన్నయ్యగారే కల్పించేరండి."

ఇంటికొచ్చి పుస్తకం తీసేను. చిన్నప్పుడు నా మొదటి వీరుడు పోయి నేను ఏడుస్తుంటే, "ఇదిగో, ఇక్కడ రాసుంది" అని వేలు పెట్టి చదివేవు కదా. నువ్వు మడిచిన ఆ పేజీలో కత్తుల బరువులున్నాయి, అంతే. నువ్వుండగా ఒక్కసారైనా వంగి చూడాల్సింది.

రేపు మళ్ళీ వెళ్తాను. కొత్తవాణ్ణి మాత్రం చెయ్యను. ఒక ఆట ఊరికే కూర్చుంటాను.

నీ చెల్లి