మోపిదేవి క్యూలో అరటిపండు

మంగళవారం రాత్రి, నాగాయలంక

ఒక్కదాన్నే కారులో బయలుదేరి ఇవాళ్టికి రెండో రోజు. పొద్దున బందరులో రోజూలాగే ఏడింటికి ఇన్సులిన్ వేసుకుని కారు తీశాను. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదన్నది మా అత్తగారు పెట్టిన నియమం. ఆవిడ పోయినా నేను వదల్లేదు. ఇంటి దగ్గర గుడిలో అయిదు నిమిషాల్లో దర్శనం అయిపోతుంది కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మోపిదేవిలో మంగళవారం రద్దీ లెక్కలోకి తీసుకోలేదు. గంటన్నర నిలబడ్డాక చెమటలు పట్టి చేతులు వణికాయి. మీటరులో చూస్తే యాభై రెండు.

వెనకున్న చేపలమ్మే ఆవిడ నా బుట్టలోంచి అరటిపండు తీసి ఒలిచింది.

"అది స్వామి నైవేద్యానికమ్మా."

"సామికి షుగరుందా ఏంటి మామ్మగారూ? తినండి ముందు!"

రెండు తిన్నాను. భయం వేయలేదు. తప్పు చేశాననీ అనిపించలేదు. గంట కూర్చుని, నూట ముప్పై చూసుకున్నాకే కారు ఎక్కాను.

సాయంత్రం అమ్మాయి గుడివాడ నుంచి ఫోన్ చేసింది. షుగర్ డెబ్బైకి తగ్గితే ఆ రోజే తిరిగొచ్చి కారు తాళాలు ఇచ్చేయాలన్నది దాని షరతు.

"ఇప్పుడెంతుందమ్మా?"

"నూట పద్దెనిమిది."

"పొద్దున?"

"లేవగానే నూట పది."

రెండూ నిజమే. మధ్యలో సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడే షుగర్ పుస్తకంలో యాభై రెండు అని సిరాతో రాశాను. శుక్రవారం ఇల్లు చేరగానే అమ్మాయి ముందు తెరిచేది ఆ పుస్తకమే. తాళాలు ఇచ్చేస్తాను. రేపు మాత్రం ఇడ్లీ ప్లేటు ఎదురుగా పెట్టుకున్నాకే సూది...