కడగని వల

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, మోకాళ్లు తప్ప. మీరూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. ఇల్లు అద్దెకు తీసుకుని గోడలకు సున్నం కూడా వేయించారన్నమాట! వంటింటి గట్టు ఎత్తయిందేమో అని అడిగారు. ఫరవాలేదు, పీట వేసుకుంటాను. నీటిపురుగుకి మూడు తోకలెందుకో నాకూ తెలియదని పాపకి చెప్పండి.

ఇక్కడా సున్నమే. పాత గని నుంచి ఊరే ఆమ్లం విరగడానికి వాగులో పోస్తూనే ఉన్నారు. నేను పొద్దస్తమానం మోకాలిలోతు నీళ్లలో రాళ్లు కదిపి, కొట్టుకొచ్చినదాన్ని వలతో పట్టి, తెల్ల ట్రేలో ఒంపి వెతుకుతున్నాను. ఆమ్లానికి అన్నిటికంటే ముందు చచ్చేది ఆ మూడు తోకల పురుగే. అది తిరిగొస్తే వాగు బతికినట్టు, నా పని అయిపోయినట్టు. అది దొరికిందనీ, వచ్చేస్తున్నాననీ పోయిన ఉత్తరంలో రాశాను కదా.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. అది దొరికిన రోజు పొద్దున ముందు కొండ అవతలి వాగుకు వెళ్లాను. అది మంచి వాగు, అక్కడ ఆ పురుగులు బోలెడు. ఒక వాగులోంచి ఇంకో వాగులోకి దిగేముందు వల కడిగి ఆరబెట్టాలి. నేను కడక్కుండానే ఈ వాగులో దిగాను. ట్రేలో పురుగు కదిలితే సంతోషం పట్టలేక ఏడ్చాను కూడా. ఉత్తరం పోస్టు చేశాక చూస్తే, వల అంచు కుట్టులో అలాంటిదే ఇంకొకటి ఎండిపోయి ఉంది.

మా ఆఫీసరుకు చెప్పేశాను.

"పోనిద్దురూ, ఎవరు చూడొచ్చారు? అందరం ఇళ్లకి పోదాం," అన్నారు. మంచివారే, ఆయనా అలిసిపోయారు.

కానీ వాగు బాగుపడిందని రాస్తే సున్నం ఆపేస్తారు. "వద్దు సార్, ఆ పురుగుని లెక్కలోంచి కొట్టేయండి," అన్నాను. మర్నాడు వల వేడినీళ్లలో కడిగి, ఆరబెట్టి మళ్లీ దిగాను. ఇసుక తప్ప ఏమీ రాలేదు.

తిట్టాలనిపిస్తే తిట్టండి. వల కడగడం నేనెప్పుడూ మరిచిపోను, మీకు తెలుసు. ఆ రోజు ఒళ్లు అలిసి మరిచిపోయానో, మీ దగ్గరికి రావాలని మరిచిపోయానో నాకే తేలడం లేదు.

ఇల్లు మాత్రం వదులుకోకండి. పీట కొని ఉంచండి.

ఇట్లు,
ఇంకా రాని మీ ఇల్లాలు