మూడో పోర్టు

2008 సెప్టెంబరు 29
ఛైర్మన్ సురేంద్ర గారు పిలిచారు. పెనుకొండ క్లినిక్‌లో పెట్టించిన కెమెరాల బొమ్మ ఇక్కడ హిందూపురంలో, ఆయన రూములో ఆగి ఆగి వస్తోందట. ఆడ ఎవురు ఎప్పుడొస్తాండారో నాకు తెలియాల కదమ్మా అన్నారు.

క్లినిక్‌కీ మా ఆసుపత్రికీ మధ్య ఉన్నది ఒకటే సన్నని లైను. కెమెరా బొమ్మా, ఫోన్ మాటా రెండూ అందులోనే పోవాలి. ఏది ముందు పోవాలో వైర్లన్నీ వచ్చి కలిసే అక్కడి పెట్టెకి, అంటే స్విచ్‌కి రూల్ రాసేది నేను. ఫోన్‌కి ముందు దారి ఇచ్చాను. పెనుకొండలో ఉన్నది నర్సు రామాంజినమ్మ ఒక్కతే, డాక్టరును అడగాలంటే ఆమెకు ఆ ఫోనే దిక్కు. కెమెరాను ముందు పెట్టమన్నారు. పెట్టనన్నాను. అయితే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు.

సెప్టెంబరు 30
మార్చాను. కెమెరా వైరు స్విచ్‌లో మూడో పోర్టులో, అంటే మూడో రంధ్రంలో ఉంది. మూడో పోర్టులో ఏది వచ్చినా ముందు పంపు, మిగతావన్నీ వెనక అని రాశాను. ఒళ్లు మండిపోతోంది.

అక్టోబరు 3
రామాంజినమ్మ ఫోన్ చేసింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. ఏం పాపా, నేను బాయిలో నుంచి మాట్లాడినట్టుండాదా అని అడిగింది. నవ్వు రాలేదు.

అక్టోబరు 8, ఆయుధపూజ
ధర్మవరంలో, మా ఇంట్లోనే ఉన్నాను. నాయన మగ్గానికి పసుపు కుంకుమ పెట్టాడు. ఒక్క పోగు కదలనియ్యలేదు.

అక్టోబరు 10
రామాంజినమ్మ ఫోన్. గొంతు ఖంగుమని వచ్చింది. పొద్దున గోరంట్ల వైపు పల్లె నుంచి ఒక బాలింతను తెచ్చారట. రక్తం ఆగలేదు. ఇక్కడ నుంచి డాక్టర్ అశ్విని ఫోన్‌లో ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె చేసింది. ప్రాణం దక్కింది. ఒక్క మాట పోలేదు పాపా, డాక్టరమ్మ నా పక్కన నిలబడి చెప్పినట్టే ఉండాది అంది. ఏడుపొచ్చింది. కానీ రూల్ నేను ముట్టుకోలేదు.

అదే రోజు, సాయంత్రం
పండగ సెలవుల తర్వాత ఛైర్మన్ గారు ఇవాళే వచ్చారు. ఆయన రూములో బొమ్మ పూర్తిగా నిలిచిపోయి ఉంది. నేనే కావాలని చేశానన్నారు. చేయలేదని చెప్పి పెనుకొండకు రైలెక్కాను.

స్విచ్ ముఖాన మూడు కుంకుమ బొట్లు. క్లినిక్ అటెండర్ కుళ్ళాయప్ప మొన్న ఆయుధపూజకని వైర్లన్నీ పీకి, పెట్టె తుడిచి, నీలం వైర్లు ఒక పక్కకీ పచ్చవి ఒక పక్కకీ ముచ్చటగా సర్దాడు. మూడో పోర్టులోకి ఫోన్ వచ్చింది, కెమెరా చివరి పోర్టుకి పోయింది. నా రూల్ మూడో పోర్టుకే కాబట్టి ఇప్పుడు ఫోనే ముందు పోతోంది. ఏ వైరు యాడుంటే ఏమమ్మా, అన్నిట్లో లైటు వెలగతాండాది కదా అన్నాడు.

ఛైర్మన్ గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. వైర్లు ఎట్లుండేవో అట్లే పెట్టు, లేదంటే రేపటి నుంచి రావద్దు అన్నారు. లోపల మంచం మీద ఆ బాలింత నిద్రపోతోంది, పక్కన చంటిది. వైర్లు ముట్టుకోలేదు. పోర్టు రూల్ చెరిపేశాను. ఏ పోర్టులో నుంచైనా సరే, మనిషి గొంతయితే ముందు పోవాలి, కెమెరా తర్వాత అని రాశాను. ఇక ఎన్ని పూజలు చేసినా, ఎన్ని వైర్లు పీకినా ఇది మారదు.

ఆ కొత్త రూల్‌కి ఏదో ఒక పేరు పెట్టమంటుంది స్విచ్. రామాంజినమ్మ అని పెట్టాను. ఎవరు తీసేయాలన్నా ఆ పేరు టైప్ చేసి మరీ తీసేయాలి. సేవ్ కొట్టాను.

అక్టోబరు 11
వెళ్లలేదు. రావద్దన్నారుగా.

అక్టోబరు 20
నా కుర్చీలో కొత్తగా చేరిన సాయినాథ్ ఫోన్ చేశాడు. స్విచ్‌లో ఈ రామాంజినమ్మ ఎవరు మేడమ్ అని అడిగాడు. ఆమె నంబరిచ్చాను. గొంతు బాగా వినిపిస్తుంది, మీరే మాట్లాడండి అన్నాను.